కెంచి ఈనిన నాడు

మా చిన్నాయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. చెప్పింది ఆయన కోడలు. ఏడుస్తూ చెప్పింది. "సరేమ్మా" అని ఫోన్ పక్కన పెట్టి, పిసకడం పూర్తి చేసి, పిప్పి తీసి పారేసి, చారు పొయ్యి మీదికి ఎక్కించాను. మా ఇంటి నుంచి పుట్టిల్లున్న బొమ్మనహళ్ళికి బస్సులో పెద్ద దూరమేమీ కాదు. అయినా పోలేదు. "సొంత చిన్నాన్న కదా, ఒకసారి ముఖం చూసి రావాల్సింది" అన్నాడు మా ఆయన సాయంత్రం. చూడాల్సినంత ముఖం పెళ్ళికి ముందే చూశానని చెప్పాను. ఆయన మళ్ళీ అడగలేదు. పుట్టింటి గురించి నా దగ్గర తీయగా మాట్లాడి ఎవరూ బాగుపడలేదని ఆయనకు తెలుసు.

చిన్ననాటి ముచ్చట్లు రాసేవాళ్ళను నేను చాలామందిని చదివాను. అందరి ఇళ్ళలోనూ ప్రేమగా తిట్టే అవ్వ, పైకి కఠినం లోపల వెన్న అయిన నాయన, కష్టాన్ని నవ్వుతూ మింగే అమ్మ ఉంటారు. మా ఇంట్లో అవ్వ ప్రేమ లేకుండానే తిట్టేది. నాయన పైకీ లోపలికీ ఒకటే కఠినం. అమ్మ మింగేది, నిజమే, కానీ నవ్వుతూ కాదు. ఇప్పుడు ఆ మనుషుల్లో చాలామంది లేరు కాబట్టి వాళ్ళను మంచివాళ్ళుగా మార్చి రాయాలన్న నియమం నాకు అర్థం కాదు. పోయినవాళ్ళు మారరు. మన జ్ఞాపకమే బద్ధకించి మెత్తబడుతుంది. నాది ఇంకా మెత్తబడలేదు.

మా ఇల్లు హోసూరు రోడ్డుకు లోపలి వైపున, రాగి చేలకు ఆనుకుని ఉండేది. మా తాత జట్కా తోలేవాడు. మడివాళ సంతకు కూరగాయల బుట్టలు, పెళ్ళిళ్ళకు మనుషులు, ఆస్పత్రికి కాన్పు కష్టమైన ఆడవాళ్ళు, అందరూ మా బండిలోనే పోయేవాళ్ళు. తాత పోయాక ఆయన కొడుకులిద్దరూ, అంటే మా నాయన గంగప్ప, చిన్నాయన మునెప్ప, ఏడాది తిరక్కుండానే వేరుపడ్డారు. నడవా మధ్యలో ఇటుకల గోడ లేచింది. దానికి గిలాబు పూత ఎవరు చేయించాలో తేలక అది అట్లాగే ఉత్త ఇటుకలతో నిలబడిపోయింది. వంటిళ్ళు రెండయ్యాయి. వాకిళ్ళు రెండయ్యాయి. పెరట్లో ఉన్న గుర్రపు కొట్టం మాత్రం రెండు కాలేదు. ఎందుకంటే గుర్రం ఒకటే.

దాని పేరు కెంచి. ఎర్రటి ఒళ్ళు, నల్లటి జూలు ఉన్న ఆడగుర్రం. తాత బతికుండగానే దాన్ని మిలిటరీ వాళ్ళుండే దండు వైపు ఒక తోటలో ఉన్న ముసలి రేసుగుర్రం దగ్గరికి తీసుకుపోయి దాటించుకొచ్చాడు. ఆయన పోయేనాటికి కెంచి కడుపుతో ఉంది. పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పారు. బండీ, కెంచీ తోలడం వచ్చిన గంగప్పకు. కడుపులో ఉన్న పిల్ల మునెప్పకు. చిన్నాయనకు జట్కా మీద ఆశ లేదు. ఆటోలు వచ్చేశాయి, ఇంకా గుర్రం తోక వెనక కూర్చునేదేమిటని ఆయన అనేవాడు. రేసుగుర్రం పిల్ల కాబట్టి మంచి గిరాకీ వస్తుందని, దాన్ని అమ్మి ఆటో కొనుక్కోవచ్చని ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఆ తీర్పు చెప్పిన పెద్దమనుషులు కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నెలల తరబడి ఒకరి గుర్రం కడుపులో ఇంకొకరి ఆస్తి పెరుగుతూ ఉంటే ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో వాళ్ళకు పట్టలేదు.

పొద్దున్నే గోడకు రెండు వైపులా ఉలవలు ఉడికే వాసన వచ్చేది. మా నాయన తన గుర్రానికి ఉడికించేవాడు. చిన్నాయన తన పిల్ల కోసమని ఉడికించేవాడు. ఒకరు పెట్టిన దాణా రెండోవాళ్ళు వాసన చూసి, వేలితో కెలికి, అప్పుడు గాని తిననిచ్చేవాళ్ళు కాదు. తడిసిన గడ్డి, గుర్రపు మూత్రం, జీనుతోలుకు పట్టించిన ఆముదం, ఈ మూడూ కలిసిన వాసన మా బట్టల్లోనే ఉండేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. తర్వాత ఆ బాధ కూడా తప్పింది. పదో తరగతి తప్పగానే నాయన నా పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టాడు. మళ్ళీ రాస్తానంటే, "రాసి ఏం చేస్తావు, ఇంట్లో పని లేదా" అన్నాడు. అట్లా నేను పగలంతా ఆ పెరట్లోనే పడి ఉండేదాన్ని.

నాయన, చిన్నాయన ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఆ మాటలన్నీ జంతువులతో చెప్పేవాళ్ళు. నాయన కెంచికి మాలిష్ చేస్తూ, "చూడు కెంచీ, కూర్చుని తినే నాయాళ్ళకు నీ కడుపులోదే కావాల్సొచ్చిందంట" అని గోడ దాటేంత గొంతుతో అనేవాడు. అవతల చిన్నమ్మ తన కోళ్ళను తిట్టేది. "థూ, సిగ్గులేని దానా, ఎవురి గింజలు ఎవురు తింటా ఉండారు, నీ మొగునికి చెప్పు" అనేది. ఆ కోడి ఎవరో అందరికీ తెలుసు. మా అమ్మ ఇవన్నీ వింటూ రాగిసంకటి కెలుకుతూ ఉండేది. ఒక్కసారి, కాపురానికి వచ్చిన కొత్తలోనట, గుర్రానికి కాలు వాచిందని ఆమె చెప్పబోతే, "నీకేం తెలుసు, లోపలికి పో" అన్నాడట నాయన. అప్పటి నుంచి అమ్మ కొట్టంలో అడుగు పెట్టలేదు.

మా అవ్వ ఒక పూట ఇక్కడ, ఒక పూట అక్కడ తినేది. ఇక్కడ తిన్నప్పుడు అక్కడి ఉప్పు తక్కువ సంగతి, అక్కడ తిన్నప్పుడు ఇక్కడి చారు నీళ్ళ సంగతి చెప్పేది. మిగతా రోజంతా కొట్టం అరుగు మీద గోనెసంచి పరుచుకుని, పొగాకు నములుతూ కెంచిని చూస్తూ కూర్చునేది. తాతతో పాటు ఎన్నో గుర్రాలు ఈనడం చూసిన మనిషి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించేది. ముద్దుగా కాదు. "చదువు ఎట్లాగూ రాలేదు, ఇదన్నా నేర్చుకో" అనేది.

అట్లా నేర్చుకున్నాను. మొదట కడుపు పక్కలకు ఉబ్బి ఉన్నది కాస్తా కిందికి జారుతుంది, డొక్కలు లోతు పడతాయి. తర్వాత తోక మొదట్లో రెండు పక్కలా గట్టిగా ఉండే కండ వదులై, వేలితో నొక్కితే నానిన పిండిలా లోపలికి పోతుంది. తోక కింది భాగం సాగి, వదులుగా వేలాడుతుంది. పొదుగు నిండుతుంది. మొదట్లో రాత్రంతా నిలబడి ఉంటే పొద్దునకు నిండి, నాలుగడుగులు నడిపిస్తే మళ్ళీ తగ్గిపోతుంది. ఎంత నడిపించినా తగ్గడం లేదంటే ఇంక దగ్గరపడిందని అర్థం. అప్పుడు చన్నుల మొనల్లో తేనెమైనం లాంటి బొట్లు గట్టిపడి నిలుస్తాయి. అవి రాలి పాలు కారితే, గుర్రం తన డొక్క వైపు తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంటే, పడుకుని లేస్తూ, ఊరికే కొంచెం కొంచెం పేడ వేస్తూ ఉంటే, చంకల దగ్గర చెమట పడితే, ఇక పక్కకు తొలగి నోరు మూసుకుని ఉండాలి. "కానీ గుర్రం ఆవు కాదు మే" అనేది అవ్వ. "ఈనేది దాని ఇష్టం. మనిషి అలికిడి ఉంటే బిగబట్టుకుంటాది. అందురూ పోయినంక ఈనుతాది."

మగవాళ్ళిద్దరికీ ఈ గుర్తులన్నీ తెలుసు. తెలియడమే చేటు తెచ్చింది. చిన్నాయన భయం ఏమిటంటే, తాను లేని సమయంలో కెంచి ఈనితే, నాయన ఆ పిల్లను ఎక్కడికో దాటించి, చచ్చి పుట్టిందని చెప్తాడని. నాయన భయం ఏమిటంటే, తాను లేకపోతే చిన్నాయన పిల్లను పాలు మరవకముందే ఎత్తుకుపోయి అమ్మేస్తాడని, తల్లి బెంగ పెట్టుకుని బండికి పనికిరాకుండా పోతుందని. అందుకని ఎవరికి వాళ్ళు రెండోవాడి కంటే ముందు రోజు తెలుసుకోవాలి. ముందుగా తెలుసుకోవడానికి గట్టి గుర్తు పాలే. చన్ను మొన నొక్కి నాలుగు చుక్కలు అరచేతిలోకి తీసుకుని చూస్తారు. నీళ్ళలా ఉంటే ఇంకా టైముంది. వేళ్ళ మధ్య తేనెలా సాగితే దగ్గరపడింది. తెల్లబడితే ఇవాళో రేపో.

ఇద్దరూ రోజూ ఇదే పని చేస్తున్నారని అవ్వ కనిపెట్టింది. మా ఇంట్లో తిన్న పూట నాయనకు చెప్పింది.

"ఊరికే పొదుగు ముట్టొద్దురా. మీ నాయన ముట్టనిచ్చేవాడు కాదు."

"ఆ మాట నీ చిన్న కొడుకుకు చెప్పు, నాకెందుకు చెప్తావు?" అన్నాడు నాయన.

ఆ రాత్రి అక్కడ తిన్నప్పుడు చిన్నాయనకూ చెప్పింది. గోడకు చెవి పెట్టాల్సిన పని లేదు, అంతా వినబడేది.

"చెప్పాల్సింది వానికి. నేనెప్పుడు ముట్టినాను?" అన్నాడు చిన్నాయన.

ఆ తర్వాత అవ్వ మళ్ళీ చెప్పలేదు. "పోండిరా, మీ ఇద్దురికీ ఒకే మాట చెప్పి నా నోరు నొప్పి" అని పొగాకు ఉమ్మి ఊరుకుంది. ఎందుకు ముట్టకూడదో ఆమెకూ తెలియదు. తాత వద్దనేవాడని మాత్రం తెలుసు.

ఒకరోజు పగటిపూట చిన్నాయన ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు నడిపే మనిషి, శివాజీనగర్ నుంచి వచ్చాడు. పిల్ల పుట్టకముందే బేరానికి తల్లిని చూపించడానికి తీసుకొచ్చాడన్నమాట. కొట్టానికి దారి మా వాకిలి పక్కనుంచే. నాయన వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"నా గుర్రాన్ని చూసేదానికి వాడెవుడు?"

అన్నదమ్ములు నేరుగా మాట్లాడుకోవడం నేను చాలా కాలానికి వినడం అదే.

"నీ గుర్రాన్ని కాదు, నా పిల్లని చూడను వచ్చినాడు. జరుగు."

"పిల్ల యాడుంది? పుట్టినంక చూపించుకో."

"పుట్టినంక నువ్వు ఉండనిస్తావా దాన్ని?"

అక్కణ్ణుంచి మాట పెరిగింది. చిన్నమ్మ కోళ్ళను వదిలేసి నేరుగా అమ్మ పేరు పెట్టి తిట్టింది. నాయన చిన్నాయన చొక్కా పట్టుకున్నాడు. వీధి వీధంతా చేరింది. ఆ గుర్రాల మనిషి చెప్పులు చేతిలో పట్టుకుని, ఎటు పోవాలో తెలియక గోడకు అతుక్కుపోయాడు. అవ్వ తప్ప అందరూ వాకిట్లోనే ఉన్నారు. నేను నీళ్ళు తాగుదామని పెరటి తొట్టి దగ్గరికి పోయాను.

కెంచి కింద పడుకుని ఉంది. తోక పక్కకు తిప్పి ఉంది. గడ్డి మీద తెల్లటి పొరలో చుట్టుకుని ముందు కాళ్ళు రెండు, వాటి మీద ఆనించిన మూతి అప్పటికే బయటికి వచ్చి ఉన్నాయి. నేను పరుగున పోయి అరుగు మీద కునుకుతున్న అవ్వను తట్టాను. అవ్వ లేచి చూసి నా చెయ్యి పట్టుకుంది.

"నాయన్ని పిలవనా?" అన్నాను.

"వద్దు. సుమ్నే నోరు మూసుకుని ఉండు. వాళ్ళ గలాటా వాళ్ళని చేసుకోనీ."

వాళ్ళ కేకలు వినబడుతూనే ఉన్నాయి. ఆ కేకల మధ్యనే పిల్ల మొత్తం జారి గడ్డి మీద పడింది. అవ్వ మోకాళ్ళ మీద కూర్చుని దాని ముక్కు మీది పొర చింపింది. తడితడిగా ఎర్రగా ఉంది, తల్లి రంగే. మగపిల్ల. కెంచి తల తిప్పి దాన్ని నాకింది, గొంతులోంచి సన్నగా ఒక చప్పుడు చేసింది. అంతకుముందు ఎప్పుడూ ఆ గుర్రం నుంచి అట్లాంటి చప్పుడు వినలేదు. పిల్ల లేవబోయి పడింది, మళ్ళీ లేచింది, పొడుగు కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు పెట్టి నిలబడింది. తడుముకుంటూ తల్లి వెనక కాళ్ళ మధ్యకు పోయి చన్ను పట్టుకుంది. నేను ఏడుస్తున్నానని అవ్వ చెప్పేదాకా నాకు తెలియదు. ఆ ఇంట్లో నాకు గుర్తున్న సంతోషం అదొక్కటే. అది కూడా ఎవరికీ చెప్పకుండా దాచుకోవాల్సి వచ్చింది.

అవ్వ మాత్రం పొదుగు వైపు చూస్తోంది. "ఇంత వట్టిగా జారిపోయి ఉండకూడదే" అంది తనలో తాను.

తర్వాత అందరూ వచ్చారు. చిన్నాయన చొక్కా చిరిగి ఉంది. నాయన పెదవి పగిలి ఉంది. పిల్లను చూడగానే చిన్నాయన అన్న మొదటి మాట, "నాది." నాయన అన్న మొదటి మాట, "ముట్టుకున్నావంటే చెయ్యి ఇరుస్తాను." పిల్ల బెదిరి తల్లి వెనక్కి పోయింది. ఆ రాత్రి ఇద్దరూ కొట్టంలో చెరొక మూల కూర్చున్నారు, ఒకరినొకరు కాపలా కాస్తూ.

మరుసటి రోజు పిల్ల గెంతులు వేసింది. దాని తర్వాత రోజు గెంతలేదు. ఒళ్ళు కాలిపోతోంది. మోకాళ్ళు వాచాయి. తల్లి పిలుస్తున్నా లేవలేదు. అవ్వ ఉల్లిపాయ రసం, పసుపు, ఏవేవో పట్టించింది. పశువుల డాక్టరును పిలుచుకొస్తానని నాయన బయల్దేరితే, "వాని డాక్టరు నా పిల్లకి సూది వేయకూడదు" అని చిన్నాయన అడ్డం పడ్డాడు. చిన్నాయన వేరే డాక్టరును వెతుక్కొచ్చేసరికి పిల్ల పోయింది. కెంచి దాన్ని మూతితో నెట్టి నెట్టి లేపుతూనే ఉంది.

చిన్నాయన విషం పెట్టారన్నాడు. చిన్నమ్మ దిష్టి తగిలిందని నాయన అన్నాడు. పిల్లను పెరటి మూల పూడ్చిన సాయంత్రమే చిన్నాయన గొడ్డలి తెచ్చి మా జట్కా చక్రాలు రెండూ నరికేశాడు. నాయన అడ్డుకోలేదు, నిలబడి చూశాడు. మరుసటి వారం కెంచిని ఇటుకల బట్టీలో బండి లాగడానికి అమ్మేశాడు. పాలు గడ్డకట్టి పొదుగు వాచిపోయిన గుర్రాన్ని, ఇంకా పెరటి మూలకే చూస్తూ అరుస్తున్న గుర్రాన్ని. తాడు పట్టుకుని లాక్కుపోతుంటే రోడ్డు మలుపు దాకా దాని అరుపు వినబడింది. అమ్మొద్దని నేను నాయన కాళ్ళు పట్టుకున్నాను. "అది లేకుంటే వానికి ఈ పెరట్లోకి వచ్చే దారి ఉండదు" అన్నాడు. అదీ ఆయన కారణం. కెంచి మీద కోపం కూడా కాదు.

అవ్వ ఆ ఏడాదే పోయింది. అటూ ఇటూ పూటలు మారుతూనే పోయింది. నేను తర్వాత దగ్గర్లో పెట్టిన ఒక గార్మెంట్స్‌లో కుట్టుపనికి చేరాను. నాయన వద్దంటే ఆయనతో కొన్ని నెలలు మాట్లాడకుండా ఉండి మరీ చేరాను. మాట్లాడకుండా ఉండటం ఆ ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే. ఇప్పుడు ఆ రాగి చేలు లేవు, పెరడు లేదు, ఆ చోట అంతస్తుల మీద అంతస్తులు. జనం అంటూ ఉంటారు, అప్పట్లో మనుషులు ఎంత దగ్గరగా బతికేవాళ్ళో అని. అవును, దగ్గరగానే బతికేవాళ్ళం. ఇవాళ ఫ్లాట్లలో ఎదురింటివాడి పేరు తెలియదని బాధపడేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. మాకు పేర్లు, పుట్టుమచ్చలతో సహా అన్నీ తెలుసు. అంత దగ్గరగా ఉన్నవాళ్ళే అంత గురిచూసి కొట్టగలరు. అప్పటికీ ఇప్పటికీ తూకం వేస్తే నేను ఇప్పటి వైపే ఉంటాను. తలుపు వేసుకునే హక్కు ఉంది.

ఎనభైల చివర్లో, నాకు పెళ్ళి కావడానికి కొంచెం ముందు, నాయన మేడ మీద ఒక గది కట్టించి బాడుగకు ఇచ్చాడు. అందులో దిగిన అమ్మాయి పశువైద్యం చదివి, ఊరి బయట రేసుగుర్రాలు పెంచే ఒక ఫారంలో పని చేసేది. నాతో చనువుగా ఉండేది. ఒక సాయంత్రం మాటల్లో నేను ఆ పిల్ల సంగతి చెప్పాను. ఆమె అంతా విని, "పుట్టకముందు పాలు పిండేవాళ్ళా?" అని అడిగింది. రోజూ చూసేవాళ్ళని చెప్పాను.

"అదే అయ్యుంటుంది అక్కా" అంది. "గుర్రప్పిల్ల పుట్టినప్పుడు జబ్బును తట్టుకునే శక్తి దాని ఒంట్లో దాదాపు ఏమీ ఉండదు. మొదటి రోజు తాగే జున్నుపాలలోనే వస్తుంది అంతా. ఆ జున్నుపాలు పొదుగులో ఒక్కసారే తయారవుతాయి. ముందే పిండేస్తే మళ్ళీ రావు. ఒకట్రెండు చుక్కలు చూస్తే ఏం కాదు. రోజూ ఇద్దరు మనుషులు పిండితే పిల్లకు మిగిలేది ఉత్త పాలే."

విషం లేదు. దిష్టి లేదు. ఇద్దరు మగవాళ్ళ అరచేతులు, అంతే.

ఆ రాత్రి నాయన అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పాను. డాక్టరమ్మ చెప్పిన మాటలు ఒక్కటి కూడా వదలకుండా చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు. చివరికి తల ఎత్తినప్పుడు ఆయన ముఖంలో ఒక వెలుగు ఉంది. ఏళ్ళ తరబడి నడిచిన వ్యాజ్యం గెలిచినవాడి వెలుగు.

"నేను చెప్పలేదా. వాడే చంపుకున్నాడు వాని పిల్లని."

"నువ్వూ పిండినావు కదా నాయనా."

"నేను చూసినాను. పిండింది వాడు."

అమ్మ చారు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఇద్దురూ పిండినారు" అంది. గొంతు పెంచలేదు. "పొద్దున మీరు. మీరు గడ్డికి పోయినంక ఆయప్ప. మళ్ళా మధ్యాన్నం మీరు. వంటింటి కిటికీలో నాకు రోజూ కనపడతానే ఉండె."

నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నాకు ఆయన మీద కంటే అమ్మ మీద ఎక్కువ కోపం వచ్చింది.

"ఇన్నేండ్లు చెప్పలేదేమమ్మా?"

"నన్ను ఎవురు అడిగినారు?" అంది అమ్మ.

ఆయన అన్నం ఇంకా సగం మిగిలే ఉంది. అమ్మ వంగి కంచం తీసుకుని, కడగడానికి తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.